వాసన వస్తే చాలు: ఆకాశంలో నిప్పు అనుమానం తగిలినప్పుడు సిబ్బంది ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు వాళ్లు విమానం ఎక్కాలంటే చెన్నైకో రేణిగుంటకో గన్నవరానికో పోవాలి. అయినా కువైట్‌లోనో దుబాయ్‌లోనో అమెరికాలోనో తమ మనిషి లేని వీధి ఈ వైపు అరుదు. అందుకే "విమానంలో పొగ వాసన, అత్యవసరంగా దించారు" అన్న వార్తను ఇక్కడ ఎవరూ పైపైన చదివి వదిలెయ్యరు. మర్నాడు "వెతికితే ఏమీ దొరకలేదు" అని ఇంకో ముక్క వస్తుంది. ఏమీ లేనిదానికి అంతమందిని అంత భయపెట్టాలా అన్న మాట అప్పుడు మొదలవుతుంది.

ఆ సిబ్బంది చేసింది సరైన పని. ఎందుకో తెలియాలంటే ముందు విమానం లోపల నిప్పు ఎక్కడ దాక్కోగలదో చూడాలి. ఇంట్లో కమురు వాసన వస్తే పొయ్యి దగ్గరికి పోయి చూస్తాం, ఫ్రిజ్ వెనక చెయ్యి పెడతాం, స్విచ్‌బోర్డు దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాం. అప్పటికీ తెలియకపోతే మెయిన్ ఆపేసి పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేస్తాం. విమానంలో ఆ చివరి పని చేయడానికి లేదు. మొదటి పని కూడా సగమే సాధ్యం. ప్రయాణికుడికి కనిపించే గోడ, పైకప్పు, నేల అన్నీ పలకలే. వాటి వెనక కట్టలు కట్టలుగా తీగలు, గాలి గొట్టాలు, చలి ఆగడానికి పెట్టిన దుప్పట్లలాంటి పొరలు ఉంటాయి. అక్కడికి మనిషి చెయ్యి పోదు, చాలాచోట్ల పొగను పసిగట్టే పరికరం కూడా ఉండదు. అక్కడ ఏదైనా రాజుకుంటే ముందు బయటికి వచ్చేది వాసన. ఆ తర్వాత ఎక్కడో దూరంగా, వేరే సందులోంచి, పల్చటి పొగ వస్తుంది. పొగ కనిపించిన చోటే నిప్పు ఉందని అనుకోవడానికి లేదు. లోపలి గాలి ఎటు లాగితే పొగ అటు పోతుంది.

అదుపు తప్పిన నిప్పు విమానంలో ఎంత సమయం ఇస్తుందన్నది పాత ప్రమాదాల నుంచి లెక్కగట్టారు. మొదటి వాసన నుంచి విమానం చేయి దాటిపోయేదాకా సుమారు 15 నుంచి 20 నిమిషాలు. 1998 సెప్టెంబరు 2న న్యూయార్క్ నుంచి జెనీవాకు బయల్దేరిన స్విస్ఎయిర్ 111లో కాక్‌పిట్‌లో ఏదో వాసన తగిలిన 21 నిమిషాలకు విమానం కెనడా తీరాన సముద్రంలో పడింది. 229 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పైకప్పు వెనక తీగల దగ్గర పుట్టిన నిప్పురవ్వ, లోహపు పూత ఉన్న పొరను అంటుకుని పాకిపోయింది. దర్యాప్తులో రెండు సంగతులు తేలాయి, రెండూ కలిపి చదవాలి. మొదటిది, పైలట్లు వెంటనే దగ్గర్లోని హాలిఫాక్స్ విమానాశ్రయానికి నేరుగా పోయినా ఆ రాత్రి సమయానికి క్షేమంగా దిగగలిగేవాళ్లు కాదు. రెండోది, అప్పటి పొగ చెక్‌లిస్టు మొత్తం పూర్తి చేయడానికే 20 నుంచి 30 నిమిషాలు పట్టేది. అంటే కాగితం మీది పని, మనిషి చేతిలో ఉన్న సమయం కంటే పొడుగు. ఆ తర్వాత రాసిన చెక్‌లిస్టుల్లో వరస మారింది. మొట్టమొదటి పంక్తుల్లోనే "వెంటనే దిగే ఏర్పాటు చూడు" అని ఉంటుంది. ఎక్కడ పుట్టిందో వెతకడం దాని తర్వాత.

సిబ్బంది నేర్చుకునేదంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది. కారణం తెలియని పొగ ఏదైనా నిప్పే. అది నిప్పు కాదని రుజువయ్యేదాకా, ఆరిపోయిందని కళ్లతో చూసేదాకా నిప్పుగానే లెక్క.

పొగలా కనిపించి పొగ కానిది ఒకటుంది, దాన్ని ముందే పక్కన పెట్టాలి. చెన్నైలో గాలి బరువుగా, చెమటగా ఉన్న రోజు విమానం ఎక్కితే కిటికీల పైనుంచి తెల్లటి ఆవిరి దిగుతుంది. చల్లగాలి తేమను తాకి కట్టే మంచు అది. దానికి వాసన ఉండదు, సీటు ఎత్తుకు వచ్చేలోపే కరిగిపోతుంది. పొగ కరగదు, వేలాడుతుంది, గొంతుకు తగులుతుంది.

ఇప్పుడు క్యాబిన్‌లోకి వద్దాం. వాసన పసిగట్టిన సిబ్బంది కాక్‌పిట్‌కు ఫోన్ చేసి "పొగ వస్తోంది సార్" అని ఊరుకుంటే పైలట్‌కు ఏమీ చెప్పనట్టే. ఎక్కడ, ఏ రంగు, ఎంత చిక్కగా, ఏ వాసన, పెరుగుతోందా తగ్గుతోందా అన్నవి చెప్పాలి. ప్లాస్టిక్ తొడుగు కాలిన ఘాటు వాసన అయితే కరెంటు పరికరం మీద అనుమానం. నానిన సాక్సుల కంపు అయితే ఇంజను నూనె ఏసీ గాలిలో కలిసిందేమోనని చూడాలి. మాడిన కూర వాసన అయితే ముందు గ్యాలీలోని, అంటే విమానం వంటగదిలోని ఓవెన్. ఓవెన్ అయితే పని తేలిక. కరెంటు తీసేసి తలుపు మూసే ఉంచితే లోపలి మంట గాలి అందక చచ్చిపోతుంది. తలుపు తీసి చూద్దామన్న ఆత్రమే అక్కడ ప్రమాదం.

మంట దొరికితే పనిని ముగ్గురు పంచుకుంటారు. దగ్గరలో ఉన్న మనిషి చేతికందిన మంటార్పే సిలిండర్‌తో మొదలుపెడతారు, ఎవరి అనుమతీ అడగరు. రెండో మనిషి కాక్‌పిట్‌తో ఫోన్‌లో ఉంటారు, ఫోన్ పెట్టెయ్యరు. మూడో మనిషి ఇంకో సిలిండర్, నీళ్లు తెచ్చి ఇస్తారు, చుట్టూ ఉన్న ప్రయాణికుల్ని జరుపుతారు, ఆక్సిజన్ సిలిండర్లను దూరం చేస్తారు. మాట్లాడే మనిషి వేరుగా ఎందుకంటే, ఆర్పే మనిషి తలకు పొగ ముసుగు ఉంటుంది. తలమీదుగా మెడదాకా దిగే సంచిలాంటి ముసుగు అది. దానిలో ఊపిరికి సుమారు 15 నిమిషాల ఏర్పాటు ఉంటుంది. దాని లోపల నుంచి మాట బయటికి ముద్దగా వస్తుంది, ఫోన్‌లో అసలు అర్థం కాదు. మెడ దగ్గర జుట్టు ఒక్క పాయ బయట ఇరుక్కుంటే చాలు, ఆ సందులోంచి పొగ లోపలికి వస్తుంది. అందుకే శిక్షణలో జుట్టు లోపలికి దోపుకోవడాన్ని కూడా చేయించి చూస్తారు.

చేతి సిలిండర్‌లో చాలా విమానాల్లో ఉండేది హేలాన్ 1211 అనే మంటార్పే మందు. బరువు కిలో పైచిలుకు, నొక్కి పట్టుకుంటే పది సెకన్ల లోపో అటూ ఇటూగానో అయిపోతుంది. పది సెకన్లే కాబట్టి గాల్లోకి కొట్టకూడదు, పొగ మీదికి కొట్టకూడదు, మంట మొదలు మీదికి కొట్టాలి. మరీ దగ్గరగా కొడితే కాలుతున్న కాగితం ముక్కలు ఎగిరి ఇంకోచోట పడతాయి, సుమారు రెండు మీటర్ల దూరం కావాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది టాయిలెట్ తలుపు. లోపల మంట ఉందేమో చూడటానికి అరచేయి కాదు, చేతి వెనక వైపు తలుపుకు ఆనించి కిందినుంచి పైకి తడుముతారు. వేడిగా ఉంటే బార్లా తెరవరు. లోపల గాలి అందక నీరసించిన మంటకు తలుపు తియ్యడం అంటే ఊపిరి పొయ్యడమే. సిలిండర్ ముక్కు పట్టేంత సందు మాత్రం తీసి, ఉన్నదంతా లోపలికి కొట్టి, మళ్లీ మూసేస్తారు. కొంచెం ఆగి మళ్లీ తడుముతారు. పలక వెనక వేడి ఉంటే గొడ్డలితో నరకరు, వెనక తీగలుంటాయి. ముక్కు దూరేంత రంధ్రం చేసి అందులోంచి కొడతారు.

ఇంత పట్టింపుకు కారణం ఉంది. 1973 జులైలో పారిస్ దగ్గర దిగుతున్న వరిగ్ 820లో టాయిలెట్ వైపు మొదలైన మంటతో పొగ కమ్మి 123 మంది పోయారు. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797లో వెనక టాయిలెట్ దగ్గర పొగ వచ్చింది. సిలిండర్ కొట్టాక పొగ తగ్గినట్టు కనిపించింది, నిప్పు మాత్రం గోడ వెనక అలాగే పెరిగింది. తగ్గినట్టు కనిపించడం ఆరినట్టు కాదు. ఆ విమానం సిన్సినాటిలో దిగింది, తలుపులు తెరిచారు. బయటి గాలి లోపలికి రాగానే నిమిషం, నిమిషంన్నర లోపే క్యాబిన్ మొత్తం ఒక్కసారిగా భగ్గుమంది. 46 మందిలో 23 మంది లోపలే ఉండిపోయారు. ఈ రోజు విమానం నేల వెంట వరసగా వెలిగే లైట్లు, టాయిలెట్లలో పొగ పసిగట్టే పరికరం తప్పనిసరి కావడానికి ఆ 23 మంది మరణం ఒక పెద్ద కారణం. చెత్తబుట్ట దగ్గర వేడికి మూత తనంత తానే కరిగి మంటార్పే మందు వదిలే చిన్న బుడ్డి కూడా ఇప్పుడు ఉంటుంది.

ఇప్పటి క్యాబిన్‌లో ఎక్కువ బెడద పవర్ బ్యాంకులు, ఫోన్లతో. లిథియం బ్యాటరీలో ఒక గది (సెల్) దెబ్బతింటే అది పుట్టించే వేడి పక్క గదిని చెడగొడుతుంది, అది ఇంకో గదిని. హేలాన్ పైకి కనిపించే మంటను పడగొడుతుంది, లోపలి వేడిని తగ్గించదు. అందుకే ముందు హేలాన్, వెంటనే నీళ్లు, ఆపకుండా నీళ్లు. నీళ్లు చాలకపోతే టీ, కూల్‌డ్రింకు, మద్యం కాని ద్రవం ఏదైనా సరే. ఐసు ముక్కలు మాత్రం పెట్టకూడదు, అవి మీద పొరలా కప్పి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. చల్లారకముందే చేత్తో ఎత్తకూడదు, పక్క గది పేలితే అరచేతిలోనే పేలుతుంది. చల్లారాక నీళ్లున్న గిన్నెలోనో డబ్బాలోనో ముంచి, దిగేదాకా ఒక మనిషి దాని దగ్గరే కాపలా ఉంటారు. ఫోన్ సీటు సందులో జారిపడితే సీటును కదపొద్దని బతిమాలేది కూడా దీనికే. సీటు యంత్రం కింద నలిగిన బ్యాటరీ అంటుకుంటుంది.

ఇదే సమయంలో కాక్‌పిట్‌లో జరిగే మొదటి పని మాస్కు. ఎక్కడ, ఎంత అన్న ప్రశ్న కంటే ముందు ఇద్దరు పైలట్లూ మాస్కు లాగి, నూటికి నూరు శాతం ఆక్సిజన్ మీద పెట్టుకుంటారు, కళ్లద్దాలు పెట్టుకుంటారు. ఆ తర్వాత ఒకరికొకరు వినపడుతున్నారో లేదో చూసుకుంటారు. ఒకరు విమానం నడుపుతారు, ఆ మనిషికి ఇంకో పని ఉండదు. రెండో మనిషి చెక్‌లిస్టు చదువుతారు, నేల మీది విమాన నియంత్రణ కేంద్రానికి (ఏటీసీ) ఆపద పిలుపు "మేడే" మూడుసార్లు చెప్పి, రాడార్‌కు విమానం గుర్తు పంపే ట్రాన్స్‌పాండర్‌లో అత్యవసర సంకేతం 7700 కొడతారు. ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానంలో క్యాబిన్ ఫ్యాన్లు ఆపేస్తారు, గ్యాలీ కరెంటు కత్తిరిస్తారు. పొగ ఏసీ నుంచి వస్తోందన్న అనుమానం ఉంటే ఏసీ యంత్రాలను ఒక్కొక్కటిగా ఆపి చూస్తారు. కరెంటు ఎక్కువై తనంత తానే పడిపోయిన బ్రేకరు స్విచ్చిని ఉత్సాహంగా మళ్లీ నొక్కరు. అది పడిపోవడమే ఒక హెచ్చరిక.

ప్రయాణికులకు పైనుంచి మాస్కులు ఎందుకు దించరని చాలామంది అడుగుతారు. అవి గాలి ఒత్తిడి పడిపోయినప్పటికి. ఆ పసుపు గిన్నెలోకి ఆక్సిజన్‌తో పాటు క్యాబిన్ గాలి కూడా కలుస్తుంది, అంటే పొగ కూడా. పైగా ఆక్సిజన్ అదనంగా వదిలితే దగ్గరలో ఉన్న నిప్పుకు నెయ్యి పోసినట్టే. పొగలో ప్రయాణికుడు చేయగలిగింది కిందికి వంగడం, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవడం. తడిగుడ్డ మసిని ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. కింద గాలి కొంత మేలు కాబట్టి వంగడమే ముఖ్యం.

మరి వెంటనే దిగిపోవచ్చు కదా అంటే, ఇక్కడ మన మ్యాపు మీదే లెక్క వేసి చూద్దాం. చెన్నైలో లేచి ఉత్తరానికి పోతున్న విమానం నెల్లూరు మీద ఉందనుకోండి. గాల్లో గీత గీస్తే రేణిగుంట సుమారు 100 కిలోమీటర్లు, చెన్నై 160. ఒంగోలు మీద ఉంటే గన్నవరం సుమారు 140, రేణిగుంట 215. దూరం చూస్తే దగ్గరే అనిపిస్తుంది. చిక్కు ఎత్తుతో. 35,000 అడుగుల నుంచి మామూలుగా జారుతూ దిగడానికి విమానానికి 190 కిలోమీటర్లకు పైగా కావాలి. అంటే నెల్లూరు మీద ఆ ఎత్తులో ఉన్న విమానానికి రేణిగుంట మరీ దగ్గరైపోతుంది. రెక్కల మీది పలకలు లేపి నిమిషానికి ఐదువేల అడుగుల చొప్పున పడినా 10,000 అడుగులకు రావడానికి ఐదు నిమిషాలు. అక్కడి నుంచి వేగం తగ్గించి, చక్రాలు దించి, రన్‌వేకు వరస కలిపి దిగడానికి ఇంకో ఎనిమిది, పది నిమిషాలు. ఎంత చురుగ్గా చేసినా పావుగంట. పైన చెప్పిన 15 నుంచి 20 నిమిషాల లెక్క పక్కన దీన్ని పెట్టి చూడండి. వాసన ఎక్కడిదో తేల్చుకుందామని ఐదు నిమిషాలు ఆలోచిస్తే ఆ ఐదు నిమిషాలు ఇక తిరిగి రావు. ముందు విమానం ముక్కు కిందికి తిప్పాలి, దిగుతూ వెతకాలి.

అద్దంకి వైపు కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద దిగొచ్చు కదా అని ఈ ప్రాంతంలో తప్పకుండా అడుగుతారు. 2022 డిసెంబరులో, మళ్లీ 2024 మార్చిలో వైమానిక దళం అక్కడ విన్యాసాలు చేసింది, రెండోసారి రవాణా విమానాలు ఏఎన్-32, డోర్నియర్ ఆ రోడ్డు మీద దిగాయి, సుఖోయ్ యుద్ధ విమానాలు దిగకుండా మీదుగా పోయాయి. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు. కానీ అది యుద్ధ అవసరానికి, ముందుగా వాహనాలు ఆపి, రోడ్డు ఊడ్చి, బలగాలు కాపలా పెట్టాక దిగే చోటు. నిప్పుతో దిగే ప్రయాణికుల విమానానికి రన్‌వే కంటే ఎక్కువ కావాల్సింది దాని పక్కన ఎదురుచూసే అగ్నిమాపక వాహనాలు. ఎ320 పరిమాణానికి అంతర్జాతీయ ప్రమాణం కనీసం 7,900 లీటర్ల నీళ్లు, ఎ321కు 12,100 లీటర్లు, వాటికి సరిపడా నురుగు, మొదటి వాహనం మూడు నిమిషాల్లోపు చేరడం. పైలట్ "దగ్గరి విమానాశ్రయం" అంటే ఇవన్నీ ఉన్న దగ్గరి చోటు అని.

ట్యాంకులో ఆయిల్ నిండుగా ఉంటే బరువు ఎక్కువవుతుంది కదా అన్న సందేహానికి జవాబు చిన్నదే. ఎ320కి గాల్లో ఇంధనం వదిలే ఏర్పాటే లేదు, అది బరువుతోనే దిగుతుంది. నేలకు తగిలే వేగం నిమిషానికి 360 అడుగులు దాటకుండా మెత్తగా దించాలి, తర్వాత ఇంజనీర్లు తనిఖీ చేస్తారు. నిప్పు అనుమానంలో బరువు తగ్గించుకోవడానికి ఆగరు.

ఇంజను మంట చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ సిబ్బందికి అన్నిటికంటే స్పష్టమైన పని అదే. చుట్టూ వేడిని పసిగట్టే తీగలుంటాయి, గంట మోగుతుంది, ఏ ఇంజనో తెలుస్తుంది. ఇంజను జోరు తగ్గించి, ఇంధనం ఆపి, ఫైర్ బటన్ నొక్కి, పది సెకన్లు ఆగి మంటార్పే మందున్న మొదటి బుడ్డి వదులుతారు. ఆ పది సెకన్లు ఆగేది ఇంజను తిరుగుడు తగ్గి లోపలి గాలి ఊపు మందగించడానికి. గాలి జోరుగా ఉంటే మందు నిలవకుండా కొట్టుకుపోతుంది. 30 సెకన్ల తర్వాతా మంట సూచన ఉంటే రెండో బుడ్డి.

సామాను గదిది ఇంకో తలనొప్పి. అక్కడ ఎవరూ పోయి చూడలేరు, పొగ పరికరం చెప్పిందే మాట. ఆ పరికరం తేమకూ అరుస్తుంది. బతికున్న పీతల పెట్టెలు, ఆకుకూరలు, వేసవిలో ఉలవపాడు మామిడిలాంటి పండ్ల బుట్టలు ఊపిరి వదిలినట్టు ఆవిరి వదులుతాయి. చల్లబడ్డ గదిలో అది మంచులా కట్టి పరికరం కళ్లకు పొగలా కనిపిస్తుంది. పైలట్‌కు తేడా తెలిసే దారి లేదు. కాబట్టి హేలాన్ వదులుతారు, దిగుతారు. దిగాక తలుపు తీస్తే పండ్లే ఉండొచ్చు, అప్పుడు కూడా ఆ నిర్ణయం సరైనదే.

చెకిన్ బ్యాగులో పవర్ బ్యాంకు పెట్టనివ్వకపోవడం ఇక్కడే అర్థమవుతుంది. సామాను గదిలో నీళ్లు పోసే చెయ్యి లేదు, హేలాన్ లిథియాన్ని చల్లార్చదు. చేతి బ్యాగులో 100 వాట్ అవర్ల (బ్యాటరీ నిల్వచేసే శక్తి కొలత) దాకా సరే. 3.7 వోల్టుల లెక్కన 20,000 ఎంఏహెచ్ అంటే 74, 27,000 అంటే దాదాపు 100, 30,000 అంటే 111. వంద నుంచి 160 దాకా విమానసంస్థ అనుమతి కావాలి. గల్ఫ్ పోయేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్నే ఆపేసింది, ఒక్కటి దగ్గర పెట్టుకోనిస్తుంది. గేటు దగ్గర "పైన అరల్లో చోటు లేదు, మీ బ్యాగు కిందికి పంపుతాం" అన్నప్పుడు చాలామంది అలాగే ఇచ్చేస్తారు. ఇచ్చేముందు అందులోంచి పవర్ బ్యాంకు బయటికి తియ్యాలి. అలాగే ఆవకాయ పక్కన ఎండుకొబ్బరి, హారతి కర్పూరం సర్దకండి. ఎండుకొబ్బరి తనంత తానే వేడెక్కి రాజుకోగల సరుకుల జాబితాలో ఉంది.

దిగాక పని అయిపోలేదు. దిగేముందు కెప్టెన్ క్యాబిన్ పెద్దకు నాలుగు ముక్కలు చెబుతారు: ఏం జరిగింది, ఏం చేయబోతున్నాం, ఎన్ని నిమిషాలుంది, ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి. విన్న మనిషి అదే తిరిగి అప్పజెప్పాలి, అప్పుడే చెప్పినట్టు లెక్క. 1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా 163 మంటతోనే క్షేమంగా దిగింది. కానీ రన్‌వే మీద ఆగకుండా పక్క దారిలోకి మళ్లింది, ఇంజన్లు ఆలస్యంగా ఆగాయి, తలుపు తెరుచుకునేసరికి ఇంకో 23 నిమిషాలు గడిచాయి. 301 మందీ పోయారు. అందుకే ఇప్పుడు నిప్పు అనుమానంతో దిగిన విమానం రన్‌వే మీదే నిలబడుతుంది. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఎ350 మండుతూ ఆగినప్పుడు మైకు పనిచెయ్యలేదు, ఎనిమిది తలుపుల్లో మూడే వాడటానికి పనికొచ్చాయి. సిబ్బంది మెగాఫోన్లతో అరిచి దారి చూపించారు, జనం బ్యాగులు వదిలి జారారు, 379 మందీ బయటపడ్డారు.

ఇక "ఏమీ దొరకలేదు" అన్న ముక్క. విమానం ఆగాక ఇంజనీర్లు పలకలు విప్పుతారు, గాలి వడపోతలు తీసి చూస్తారు, ఓవెన్లు కడుగుతారు, ఇంజను నూనె మట్టం కొలుస్తారు, కంప్యూటర్‌లో నమోదైన హెచ్చరికలు చదువుతారు. మర్నాటి వార్త వచ్చేటప్పటికి ఆ పని సగం కూడా కాకపోవచ్చు. చాలాసార్లు దొరికేది మంట కాదు. పైకప్పు మీద గాలి తిప్పే ఫ్యాన్‌లో అరిగిపోయిన బేరింగ్, తొడుగు రాసుకుపోయిన తీగ మీద మినపగింజంత నల్లటి మచ్చ. విమానం ఇంకో గంట గాల్లో ఉంటే ఆ మచ్చ ఎంతయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ తీగ మార్చి, సంతకం పెట్టాకే విమానం మళ్లీ లేస్తుంది.